చెక్‌పోస్టు దగ్గర నిలబడి చూసేవాళ్లు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గత సంచికలో ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతమైన వెస్ట్‌బ్యాంక్ కూలీల గురించి వచ్చిన వ్యాసంలో, సైనిక చెక్‌పోస్టుల దగ్గరికి తెల్లవారకముందే వచ్చి, చూసింది చూసినట్టు రాసుకుని వెళ్లే ఇజ్రాయెలీ మహిళల ప్రస్తావన ఒక్క వాక్యంలో ముగిసింది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఇజ్రాయెల్ పౌరులే తమ సైన్యం మీద నిఘా పెట్టినట్టు చెక్‌పోస్టుల దగ్గర నిలబడడం నాకు ఆశ్చర్యంగా అనిపించింది. వారెవరు? ఇది ఎప్పుడు, ఎలా మొదలైంది? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: ఆ బృందం పేరు మఖ్సోమ్ వాచ్. హీబ్రూలో మఖ్సోమ్ అంటే చెక్‌పోస్టు. ఇజ్రాయెల్ ఆక్రమణకు వ్యతిరేకంగా పాలస్తీనీయుల రెండో ఇంతిఫాదా, అంటే తిరుగుబాటు, 2000 సెప్టెంబరు చివర్లో మొదలయ్యాక, వెస్ట్‌బ్యాంక్ అంతటా చెక్‌పోస్టులు, రోడ్లకు అడ్డంగా పోసిన మట్టికట్టలు, సిమెంటు దిమ్మెలు విపరీతంగా పెరిగాయి. పక్క ఊరి ఆసుపత్రికి వెళ్లాలన్నా, కాలేజీకి వెళ్లాలన్నా ఒక సైనికుడి అనుమతి కావలసిన పరిస్థితి ఏర్పడింది. అక్కడ జనాన్ని గంటల తరబడి నిలబెడుతున్నారని, అవమానిస్తున్నారని కథనాలు వస్తున్న రోజుల్లో, 2001 ప్రారంభంలో, రోనీ యేగర్, ఆదీ కుంట్స్‌మన్, యెహుదిత్ కెషెత్ అనే ముగ్గురు స్త్రీలు ఏం జరుగుతోందో స్వయంగా చూద్దామని బయలుదేరారు. వారు మొదట నిలబడింది జెరూసలేంకు, బెత్లెహేంకు మధ్య ఉన్న చెక్‌పోస్టు దగ్గర. కొన్నేళ్లలోనే ఆ ముగ్గురు కొన్ని వందల మంది అయ్యారు.

సభ్యుల్లో ఎక్కువమంది నడివయసు దాటినవారు, ఉద్యోగ విరమణ చేసినవారు, మనవలున్నవారు. ఇజ్రాయెల్‌లో యూదు యువతీయువకులకు సైనిక సేవ తప్పనిసరి కాబట్టి, చెక్‌పోస్టులో తుపాకి పట్టుకుని నిలబడిన పందొమ్మిదేళ్ల కుర్రవాడి వయసు పిల్లలు వారిలో చాలామంది ఇళ్లలో ఉంటారు. ఈ సంగతిని గుర్తుపెట్టుకుంటేనే ఆ మహిళలు చేసే పని బరువు మనకు అర్థమవుతుంది. వారికి ఆ సైన్యం పరాయిది కాదు. సైనికులు ఎలా ప్రవర్తిస్తున్నారో గమనించడం, పాలస్తీనీయుల మానవ హక్కులకు వీలైనంత రక్షణగా నిలవడం, చూసినదాన్ని ఇజ్రాయెలీ సమాజం ముందు పెట్టడం అనే మూడు లక్ష్యాలు వారు మొదటి నుంచీ చెప్పుకున్నవే. చెక్‌పోస్టులతో పాటు పాలస్తీనీయులను విచారించే సైనిక న్యాయస్థానాలకు కూడా వెళ్లి కూర్చుని అక్కడి విచారణల మీద నివేదికలు రాస్తారు.

ప్రశ్న: అక్కడ నిలబడి వారు చేసేది సరిగ్గా ఏమిటి? రాసుకుంటే ఏమొస్తుంది? సైనికుడిని ఆపే అధికారం వారికి లేదు కదా! (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: అధికారం లేదు, నిజమే. సైనికుడు వెనక్కి జరగమంటే వారు వెనక్కి జరగవలసిందే. అయినా వారు చేసే పని చిన్నది కాదని నా నమ్మకం. అది అర్థం కావాలంటే చెక్‌పోస్టు ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చూడాలి.

బెత్లెహేం ఉత్తర అంచున, ఇజ్రాయెల్ కట్టిన అడ్డుగోడకు ఆనుకుని ఉన్న 300 నంబరు చెక్‌పోస్టునే తీసుకుందాం. జెరూసలేంలోనూ ఇజ్రాయెల్‌లోని ఇతర నగరాల్లోనూ పనిచేసే కూలీలకు దక్షిణ వెస్ట్‌బ్యాంక్ నుంచి ప్రధాన దారుల్లో అది ఒకటి. 2023 అక్టోబరుకు ముందు మామూలు పనిరోజున తెల్లవారుజామున నాలుగు గంటలకు గేటు తెరిచేవారు. పని ఏడు గంటలకే అయినా, వరుసలో ముందుండాలని హెబ్రాన్ చుట్టుపక్కల పల్లెల మేస్త్రీలు, తాపీ పనివాళ్లు, వడ్రంగులు రెండు మూడు గంటలకే ఇల్లు వదిలేవారు. గోడ వెంబడే పైన రేకులు, పక్కన ఇనుప కమ్మీలు ఉన్న సన్నని దారి ఉంటుంది. ఆ దారిలో ఒకరి వీపు ఒకరికి తగిలేంత ఇరుకుగా వందల మంది పురుషులు నిలబడేవారు. వెనుక ఉన్నవారు ఆగలేక కమ్మీలెక్కి, ముందువాళ్ల తలల మీదుగా పాకి లోపలికి దూకే దృశ్యం అక్కడ నిలబడిన ప్రతి వాలంటీరూ చూసిందే. పక్కనే కాఫీ, టీ, నువ్వులద్దిన కఅక్ రొట్టెలు అమ్మే బళ్లు ఉండేవి. కొందరు అట్టముక్క పరుచుకుని ఫజర్ నమాజు అక్కడే ముగించేవారు.

కమ్మీల దారి చివర, ఒక్కొక్కరే దూరే వీలున్న, నిలువెత్తున తిరిగే ఇనుప గేటు ఉంటుంది. దాన్ని ఆపే మీట దూరంగా గదిలో కూర్చున్నవారి చేతిలో ఉంటుంది. వారు ఎప్పుడు ఆపితే అప్పుడు, లోపల ఉన్న మనిషి ముందుకూ వెనక్కీ పోలేక కమ్మీల మధ్య ఇరుక్కుపోతాడు. ఇజ్రాయెలీ వాస్తుశిల్పి ఎయాల్ వైజ్‌మన్ తన పరిశోధనలో ఒక విషయం ప్రస్తావించారు: ఇజ్రాయెల్ లోపల ఇలాంటి గేట్ల కమ్మీల పొడవు 75 నుంచి 90 సెంటీమీటర్లు ఉంటే, చెక్‌పోస్టుల కోసం చేయించిన వాటికి 55 సెంటీమీటర్లే పెట్టించారు. చంకలో బిడ్డ ఉన్న తల్లికి, లావుగా ఉన్న మనిషికి, చేతిలో సంచులున్న ముసలావిడకు ఆ తేడా ఎలాంటిదో ఊహించడం కష్టం కాదు. గేటు దాటాక బెల్టు, బూట్లు తీసి సామానుతో పాటు యంత్రంలో పెట్టాలి. ఆ తరువాత అద్దం వెనుక ఉన్న సైనికుడికో సైనికురాలికో గుర్తింపు కార్డు, ఇజ్రాయెల్‌లోకి వెళ్లడానికి సైన్యం ఇచ్చే పర్మిట్ చూపించి, మాగ్నెటిక్ కార్డు పెట్టి వేలిముద్ర సరిచూపించుకోవాలి. 2019లో ఇక్కడా, రమల్లా దగ్గరి కలందియాలోనూ ముఖాన్ని గుర్తించే యంత్రాలు బిగించారు. దాంతో రద్దీ కొంత తగ్గిన మాట నిజమే. అయితే పర్మిట్ రద్దయిన సంగతి ఆ యంత్రం ముందు నిలబడ్డాకే తెలిసే మనిషి పరిస్థితి అందువల్ల మారలేదు.

వాలంటీర్లు రాసుకునేది ఇదంతా. గేటు ఎన్ని గంటలకు తెరిచారు, తనిఖీ కిటికీలు ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎన్నింటి వెనుక మనుషులున్నారు, వరుసలో చివర నిలబడినవాడు లోపలి నుంచి బయటపడడానికి ఎంతసేపు పట్టింది, ఎవరిని వెనక్కి పంపారు, ఏ కారణం చెప్పారు, లేక కారణమే చెప్పలేదా అన్నవి అందులో ఉంటాయి. స్త్రీలు, వృద్ధులు, రోగులు, బడిపిల్లలు రద్దీలో నలగకుండా పక్కన మానవతా గేటు అనే ఇంకో దారి ఉంటుంది. దాన్ని తెరవడం అక్కడున్న సైనికుడి ఇష్టం కావడంతో, అది మూసి ఉన్నప్పుడు వాలంటీర్లు సైన్యం నడిపే హాట్‌లైన్‌కు, పాలస్తీనీయుల పర్మిట్ల వ్యవహారాలు చూసే సైన్యపు జిల్లా సమన్వయ కార్యాలయానికి పదేపదే ఫోను చేస్తారు. ఒక్కోసారి గేటు తెరుచుకుంటుంది. చాలాసార్లు తెరుచుకోదు. రెండూ నివేదికలోకి ఎక్కుతాయి.

రాస్తే ఏమొస్తుందన్న మీ ప్రశ్నకు ఒక సంఘటన సమాధానం చెబుతుంది. 2004 నవంబరులో నాబ్లుస్ పడమటి దారిలోని బేత్ ఇబా చెక్‌పోస్టు దగ్గర, వయొలిన్ పెట్టె పట్టుకుని వచ్చిన ఒక పాలస్తీనా యువకుడు సైనికుల ఎదుట నిలబడి వయొలిన్ వాయిస్తుండగా మఖ్సోమ్ వాచ్ వాలంటీరు ఒకరు వీడియో తీశారు. సైనికులు వాయించమన్నారని అతనూ, అతనే వాయించాడని సైన్యమూ చెప్పాయి. ఆ చిత్రం ఇజ్రాయెల్‌ను కుదిపేసింది. నాజీ శిబిరాల్లో యూదు సంగీతకారుల చేత వాయిద్యాలు వాయింపజేసిన జ్ఞాపకం ఆ సమాజంలో ఇంకా పచ్చిగానే ఉంది కనుక, పత్రికల్లో వారాల తరబడి చర్చ నడిచింది. అక్కడ కెమెరా పట్టుకున్న మనిషి లేకపోతే ఆ చర్చే లేదు.

కానీ ఈ సంఘటన నన్ను ఇబ్బంది కూడా పెడుతుంది. దేశమంతా చలించింది వయొలిన్ చూసి. అదే చెక్‌పోస్టు దగ్గర అదే ఏడాది రోజూ వందల మంది విద్యార్థులు, రోగులు, కూలీలు ఎండలో గంటల కొద్దీ నిలబడిన సంగతి ఎవరినీ అంతగా కదిలించలేదు, ఎందుకంటే అందులో చిత్రం లేదు. చెక్‌పోస్టు చేసే అసలు హాని ఆ నిలబడడంలోనే ఉంది. ఈ రోజు దారి ఇరవై నిమిషాలా, మూడు గంటలా అన్నది ఇంట్లో బయలుదేరేవాడికి తెలియదు. పరీక్షకు సమయానికి చేరతాడో లేదో, డయాలసిస్ అందుతుందో లేదో, ఆలస్యమైనందుకు మేస్త్రీ వెనక్కి పంపితే ఆ రోజు కూలి పోతుందో లేదో తెలియదు. అప్పుడప్పుడు వచ్చిపోయే విలేకరికి ఇది కనిపించదు. వారం వారం ఒకే చోట నిలబడి, గడియారం చూసి రాసుకునేవారికే కనిపిస్తుంది. అందుకే వారి నివేదికల్లో సంచలనం తక్కువగా ఉంటుంది, ఒకే విషయం మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ మళ్లీ మళ్లీ రావడమే అందులో నాకు విలువైనదిగా కనిపిస్తుంది.

ప్రశ్న: నేను భద్రతా దళాల్లో పనిచేసి రిటైర్ అయ్యాను. బాంబులు మోసుకొచ్చేవాళ్లు ఉన్నప్పుడు తనిఖీ చేయకుండా ఏ దేశమైనా ఎలా ఉంటుంది? సరిహద్దు దగ్గర తనిఖీ అన్నిచోట్లా ఉన్నదే. వీరు చేస్తున్నది సైనికుల పనికి అడ్డుపడడం కాదా?

జవాబు: మీ అనుభవం నుంచి వచ్చిన ప్రశ్న ఇది. దానికి దాటవేసే సమాధానం చెప్పను. రెండో ఇంతిఫాదా కాలంలో దాదాపు వెయ్యి మంది ఇజ్రాయెలీలు చనిపోయారు, వారిలో చాలామంది బస్సుల్లో, హోటళ్లలో ఆత్మాహుతి దాడులకు బలైన మామూలు పౌరులు. 2004 మార్చిలో నాబ్లుస్ దక్షిణాన హువారా చెక్‌పోస్టు దగ్గర ఒంటికి పేలుడు పదార్థాలు కట్టుకుని వచ్చిన ఒక పదహారేళ్ల పిల్లవాణ్ణి సైనికులు పట్టుకున్నారు. చెక్‌పోస్టుల్లో కాపలా ఉన్న సైనికుల మీదే దాడులు జరిగాయి. 2002 మార్చిలో రమల్లాకు ఉత్తరాన వాదీ అల్-హరామియా దగ్గర ఒక్క మనిషి పేల్చిన తుపాకికి పది మంది, వారిలో అత్యధికులు సైనికులు, నేలకొరిగారు. అదే ఇంతిఫాదా ఏళ్లలో ఇజ్రాయెలీ దళాల చేతుల్లో చనిపోయిన పాలస్తీనీయులు మూడు వేలకు పైగా ఉన్నారన్నదీ పక్కనే చెప్పాలి. భయం కల్పితం కాదు. గేటు దగ్గర నిలబడిన ఆ కుర్ర సైనికుడి భయం కూడా నిజమైనదే.

అయితే మీరన్న సరిహద్దు మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. 1949 నాటి కాల్పుల విరమణ రేఖ, అంటే గ్రీన్‌లైన్ మీద తనిఖీ పెడితే అది ఇజ్రాయెల్‌లోకి వచ్చేవారిని తనిఖీ చేయడం అవుతుంది. మఖ్సోమ్ వాచ్ సభ్యులు ఏళ్ల తరబడి నిలబడిన హువారా, బేత్ ఇబా, జాతరా వంటి చెక్‌పోస్టులు గ్రీన్‌లైన్‌కు దూరంగా వెస్ట్‌బ్యాంక్ నడిబొడ్డున పెట్టినవే. హువారా దగ్గర ఆపింది నాబ్లుస్ నుంచి రమల్లాకు, అంటే ఒక పాలస్తీనా ఊరి నుంచి ఇంకో పాలస్తీనా ఊరికి వెళ్లే మనిషిని. బెత్లెహేంకు తూర్పున కంటైనర్ అని పిలిచే చెక్‌పోస్టు మూతపడితే వెస్ట్‌బ్యాంక్ దక్షిణ భాగం మధ్య భాగం నుంచి తెగిపోతుంది. ఆ ప్రాంతంలోనే ఇజ్రాయెలీలు కట్టుకున్న ఊళ్ల, అంటే యూదు సెటిల్‌మెంట్ల వాళ్లు ఇజ్రాయెలీ పసుపు నంబరు పలకలున్న కార్లలో చాలాచోట్ల ఆగకుండా వెళ్లిపోతారు. పాలస్తీనీయులకిచ్చే ఆకుపచ్చ గుర్తింపు కార్డు ఉన్నవారే ఆగాలి. తెలుపు మీద ఆకుపచ్చ అంకెలున్న పాలస్తీనా పలక ఉంటే బండి ఆగాలి. మనిషి ఏం మోస్తున్నాడన్న దానికంటే ఎవరన్నది ముందుగా నిర్ణయమైపోయే తనిఖీని సరిహద్దు తనిఖీ అనడం నాకు సరైనదిగా తోచదు.

గోడ విషయంలోనూ ఇదే చిక్కు. 2002లో కట్టడం మొదలుపెట్టిన ఆ అడ్డుగోడ మొత్తం ప్రణాళిక 712 కిలోమీటర్లు. అందులో దాదాపు 85 శాతం గ్రీన్‌లైన్ మీద కాకుండా వెస్ట్‌బ్యాంక్ లోపలి నుంచి వెళుతుంది. 2004 జూన్ 30న ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే బేత్ సూరిక్ గ్రామం కేసులో, భద్రత పేరుతో గోడ కట్టవచ్చు గానీ గ్రామస్తులకు కలిగే నష్టం హద్దు మీరకూడదని చెప్పి, గోడ దారిని చాలా మేరకు మార్చమంది. తొమ్మిది రోజులకు, జూలై 9న, అంతర్జాతీయ న్యాయస్థానం ఆక్రమిత భూభాగంలో గోడ కట్టడమే అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని సలహాపూర్వక అభిప్రాయం ఇచ్చింది.

వాలంటీర్లు సైనికులకు అడ్డుపడతారా అన్నదానికి ఒక్క మాట. ఆయుధాలు వెతకడాన్ని వారు ఆపరు, ఆపలేరు. వారు అడిగేది ఇతర విషయాలు: తనిఖీ అయిపోయినా ఈ మనిషిని పక్కన ఎందుకు కూర్చోబెట్టారు, ఈ అంబులెన్సు ఎందుకు కదలడం లేదు, మూడు కిటికీలున్న చోట ఒక్కటే ఎందుకు నడుస్తోంది? వెస్ట్‌బ్యాంక్ అంబులెన్సు జెరూసలేంలోకి వెళ్లడానికి మామూలుగా వీల్లేదు కాబట్టి, కలందియా దగ్గర రోగిని స్ట్రెచర్ మీద ఒక బండి నుంచి దించి ఇంకో బండిలోకి ఎక్కిస్తారు. జెరూసలేంలోని మకాసెద్, ఆగస్టా విక్టోరియా ఆసుపత్రులకు వెళ్లే గుండె జబ్బు, క్యాన్సర్ రోగులు కూడా ఆ రోడ్డు మీదే బండి మారాలి. చెక్‌పోస్టుల్లో పనిచేసి వచ్చిన మాజీ సైనికులే 2004లో బ్రేకింగ్ ది సైలెన్స్ అనే సంస్థ పెట్టి, తాము చూసినదీ చేసినదీ బయటపెట్టారు. రాత్రంతా నిద్ర లేక, ఎదుట ఉన్నవారి భాష రాక, వందల మంది మీద చెలాయించే అధికారం చేతికి వస్తే మనిషిలో వచ్చే మార్పు గురించి వారు చెప్పిన మాటలు వినండి, సైనికుల క్షేమం కోరేవారు ముఖ్యంగా వినాలి.

ప్రశ్న: ఆ బృందంలో పురుషులను ఎందుకు చేర్చుకోరు? (ఒక గృహిణి)

జవాబు: అది మొదట్లోనే తీసుకున్న నిర్ణయం. సైనికుడికి ఎదురుగా మగవాడు నిలబడితే మాట పెరిగి గొడవ అవుతుందనీ, తల్లి వయసు స్త్రీ నిలబడితే అంత త్వరగా పెరగదనీ, పైగా సైన్యం ఇంతగా అల్లుకున్న సమాజంలో భద్రత గురించి స్త్రీలు స్వయంగా మాట్లాడే చోటు ఒకటి ఉండాలనీ వారు భావించారు. అంతమాత్రాన వారికి గౌరవమే దక్కుతుందనుకోవద్దు. దేశద్రోహులనే తిట్టు వారికి కొత్త కాదు.

ప్రశ్న: రైతులు తమ పొలానికే పర్మిట్ తీసుకుని వెళ్లాలని గత వ్యాసంలో రాశారు. ఇది ఎలా సాధ్యం? (ఇద్దరు పాఠకుల నుంచి)

జవాబు: గోడ గ్రీన్‌లైన్ మీద కాకుండా లోపలి నుంచి వెళ్లడం వల్ల, ఊరు గోడకు ఇటు, పొలం అటు మిగిలిపోయిన చోట్లు చాలా ఉన్నాయి. 2003 అక్టోబరులో సైన్యం గోడకు, గ్రీన్‌లైన్‌కు మధ్య ఉన్న భూమిని మూసిన ప్రాంతంగా ప్రకటించింది. అప్పటి నుంచి ఖల్కీలియా దగ్గరి జయ్యూస్, జెనీన్ దగ్గరి అనీన్ వంటి గ్రామాల రైతులు తాతల నాటి ఆలివ్ తోటకు వెళ్లాలంటే దరఖాస్తు పెట్టి, భూమి తమదేనని కాగితాలు చూపించి, గడువున్న పర్మిట్ తీసుకోవాలి. వారసత్వంగా భూమి చాలామందికి పంచబడినప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. 330 చదరపు మీటర్ల కంటే తక్కువ వాటా ఉన్నవారికి సాగు అవసరం లేదన్న నిబంధన కూడా 2017లో వచ్చింది.

పర్మిట్ ఉంటే సరిపోదు, గేటు తెరవాలి. కొన్ని గేట్లు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కాసేపు తెరుస్తారు. కొన్ని వారంలో కొన్ని రోజులే. చాలా గేట్లు ఏడాది పొడుగునా మూసి ఉండి, అక్టోబరు, నవంబరు నెలల్లో ఆలివ్ కోతకు మాత్రమే తెరుచుకుంటాయి. మఖ్సోమ్ వాచ్ సభ్యులు ఈ గేట్ల దగ్గరికి కూడా వెళతారు. అక్కడి దృశ్యం బెత్లెహేం రద్దీకి పూర్తిగా భిన్నమైనది. పది పదిహేను మంది రైతులు, ఒకటి రెండు ట్రాక్టర్లు, గాడిదలు, కాలిబాట పక్కన రాళ్ల మీద కూర్చున్న ముసలివాళ్లు. అవతల సైనిక జీపు వచ్చి ఆగుతుంది, సైనికులు దిగి మొదటి కంచె తాళం, గస్తీ రోడ్డు దాటాక రెండో కంచె తాళం తీస్తారు, ఒక్కొక్కరి కాగితం చూస్తారు. జీపు అరగంట ఆలస్యమైతే రైతు అరగంట కూర్చుంటాడు. అసలు రాకపోతే ఇంటికి వెళతాడు. ఆ మధ్యలో వాలంటీరు సమన్వయ కార్యాలయానికి ఫోను చేసి, ఫలానా గేటు దగ్గర జనం ఎదురుచూస్తున్నారని చెబుతుంది.

వ్యవసాయం తెలిసిన పాఠకులకు ఇందులోని అన్యాయం విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆలివ్ చెట్టుకు కాయ కోసే రెండు నెలలే కాదు, చలికాలంలో కొమ్మలు కత్తిరించాలి, దున్నాలి, కలుపు తీయాలి. ఎండాకాలంలో నిప్పు అంటుకుంటే ఆర్పడానికి మనిషి ఉండాలి. కోతకు మాత్రమే పంపిస్తే ఏమవుతుందో ఐక్యరాజ్యసమితి మానవతా వ్యవహారాల కార్యాలయం ఉత్తర వెస్ట్‌బ్యాంక్‌లో ఏళ్ల తరబడి పోల్చి చూసింది. ఒకే రైతుకు గోడకు ఇటూ అటూ చెట్లున్నప్పుడు, అవతలి చెట్ల దిగుబడి సగానికి పైగా పడిపోయిందని తేల్చింది. కొందరు వెళ్లడం మానేస్తారు. మానేసిన పొలం బీడవుతుంది. బీడు భూమిని ప్రభుత్వ భూమిగా ప్రకటించే అవకాశం ఉందన్న భయం ప్రతి రైతు మాటలోనూ వినిపిస్తుంది.

ప్రశ్న: విదేశీయులు కూడా వెళ్లి ఇలా గమనించవచ్చా? (ఒక సామాజిక కార్యకర్త)

జవాబు: ప్రపంచ చర్చిల మండలి 2002లో, జెరూసలేం చర్చిల పెద్దల పిలుపు మీద ప్రారంభించిన సహయాన కార్యక్రమం ఉంది. వివిధ దేశాల నుంచి స్త్రీలు, పురుషులు వచ్చి మూడు నెలల పాటు అక్కడ ఉండి, చెక్‌పోస్టుల్లో ఎంతమంది దాటారో లెక్క కడతారు, పిల్లలను బడి దాకా తోడు తీసుకెళతారు, కోతల కాలంలో రైతుల వెంట నిలబడతారు. ఇజ్రాయెలీ మహిళలతో వీరికి ఒక తేడా ఉంది: వీరు వచ్చి వెళ్లిపోయేవారు, వారు ఆ దేశపు ఓటర్లు. ఒకరి మాటకు బయటి ప్రపంచంలో బరువుంటే, ఇంకొకరి మాటకు ఇంటి లోపల బరువుంటుంది.

అయితే విదేశీ పరిశీలకులకు దారి ఇరుకవుతూ వచ్చింది. హెబ్రాన్‌లో ఇబ్రహీమీ మసీదులో 1994 ఫిబ్రవరిలో ఒక సెటిలర్ కాల్పులు జరిపి 29 మంది నమాజీలను చంపిన తరువాత, ఆ నగరంలో ఒక తాత్కాలిక అంతర్జాతీయ పరిశీలక బృందాన్ని పెట్టారు. నార్వే, డెన్మార్క్, స్వీడన్, స్విట్జర్లాండ్, ఇటలీ, తుర్కియే దేశాలవారు అందులో ఉండేవారు. ఆ బృందం గడువును 2019 జనవరిలో ఇజ్రాయెల్ ప్రభుత్వం పొడిగించలేదు. సెటిలర్ల వేధింపులు పెరగడంతో చర్చిల మండలి కూడా ఆ నెలలోనే హెబ్రాన్ నుంచి తన వాలంటీర్లను ఉపసంహరించుకుంది. తుపాకులు ఉన్న నగరంలో కళ్లు తగ్గిపోవడం ఎవరికి మేలు చేస్తుందో నాకు అర్థం కాదు.

ప్రశ్న: ఇలా పక్కన నిలబడి చిన్న చిన్న సాయాలు చేయడం వల్ల ఆ వ్యవస్థ మరింత సాఫీగా నడుస్తుంది తప్ప పోదు కదా? (ఒక పరిశోధక విద్యార్థి)

జవాబు: ఈ ప్రశ్నను ఆ మహిళలే అందరికంటే ముందు వేసుకున్నారు, బృందంలో దీని మీద వాదాలు జరిగాయి, కొందరు బయటికి వెళ్లిపోయారు కూడా. ఫోను చేసి ఒక గేటు తెరిపిస్తే, గేటు ఉండడం సహజమన్నట్టు కాదా? సైన్యం మానవతా గేట్లు, మానవతా హాట్‌లైన్లు పెట్టడంలో వీరి పాత్ర కొంత ఉంది. వాటి వల్ల చెక్‌పోస్టు సభ్యంగా కనిపించింది తప్ప తొలగలేదు. భద్రతా కారణాలతో పర్మిట్ నిరాకరించిన వేల మంది కూలీల పేర్లు నిషేధ జాబితాలో ఉండగా, కారణం ఏమిటో వారికే చెప్పని పరిస్థితిలో, మఖ్సోమ్ వాచ్‌లోని ఒక జట్టు వారి తరఫున అప్పీళ్లు రాసి, కోర్టు దాకా వెళ్లి చాలామంది పేర్లు తొలగింపజేసింది. ఆ వ్యవస్థ నియమాలను ఒప్పుకుని దాని లోపలే పనిచేయడం ఇది అనే విమర్శలో నిజం ఉంది.

నా అభిప్రాయం అడిగితే, నేను ఆ జట్టు పక్షానే ఉంటాను. పర్మిట్ దళారుల చేతికి నెలకు రెండు వేల షెకెళ్లకు (ఇజ్రాయెల్ కరెన్సీ) పైగా కట్టి పనికి వెళ్లిన మనిషికి, పేరు జాబితాలోంచి పోవడం అంటే ఆ ఇంట్లో ఐదారుగురికి తిండి. అతన్ని వ్యవస్థ కూలేదాకా ఆగమని చెప్పే హక్కు దూరాన ఉన్న నాకు లేదు. అదే సమయంలో సాయం చేసిన ప్రతిసారీ అది ఎందుకు అవసరమైందో రాసిపెట్టడం తప్పనిసరి. ఆ బృందం రెండోది వదిలిపెట్టి మొదటిదే చేసి ఉంటే, పరిశోధక విద్యార్థి విమర్శ పూర్తిగా నిలిచేది. వీరిలో కొందరు 2005లో యేష్ దీన్ అనే మానవ హక్కుల సంస్థను స్థాపించిన వారిలో ఉన్నారన్నదీ గమనించాలి. నిలబడి చూసిన అనుభవం అక్కడ న్యాయపోరాటంగా మారింది.

ప్రశ్న: 2023 అక్టోబరు తరువాత ఈ పరిశీలన సాగుతోందా? (చాలామంది)

జవాబు: 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది ఇజ్రాయెల్‌లో చనిపోయిన వెంటనే, వెస్ట్‌బ్యాంక్ కూలీల పర్మిట్లను దాదాపు పూర్తిగా నిలిపివేశారు. అంతకు ముందు ఇజ్రాయెల్‌లోనూ సెటిల్‌మెంట్లలోనూ ఒకటిన్నర లక్షకు పైగా పాలస్తీనీయులు పనిచేసేవారు. బెత్లెహేం చెక్‌పోస్టు దగ్గర తెల్లవారుజాము రద్దీ ఒక్కసారిగా మాయమైంది. అది చూసి పరిస్థితి మెరుగైందనుకునేవారు ఉండవచ్చు. అక్కడ జనం లేకపోవడానికి కారణం వారికి వెళ్లే వీలు లేకపోవడం. వ్యవసాయ గేట్లు ఆ ఏడాది కోతల కాలంలో చాలావరకు మూసే ఉంచారు, కాయలు చెట్ల మీదే ఎండిపోయాయి.

మరోవైపు వెస్ట్‌బ్యాంక్ లోపలి అడ్డంకులు పెరిగాయి. ఐక్యరాజ్యసమితి కార్యాలయం 2023 ప్రారంభంలో చెక్‌పోస్టులు, రోడ్డు గేట్లు, మట్టికట్టలు అన్నీ కలిపి 645 లెక్కపెడితే, 2025 ప్రారంభంలో అవి 849 అయ్యాయి. పెరిగినవాటిలో చాలావరకు గ్రామాల ముఖద్వారాల దగ్గర బిగించిన ఇనుప గేట్లే. పెద్ద చెక్‌పోస్టులో కనీసం మనిషి ఉంటాడు, అడగడానికి ముఖం ఉంటుంది. ఊరి గేటుకు తాళం వేసి వెళ్లిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. ఎప్పుడు తెరుస్తారో తెలుసుకోవడానికి డ్రైవర్లు ఫోన్లలో గ్రూపులు పెట్టుకుని, ఏ గేటు తెరిచి ఉంది, ఏ రోడ్డు మూసి ఉంది అని నిమిష నిమిషానికి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. 2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఆక్రమిత భూభాగంలో ఇజ్రాయెల్ ఉనికి కొనసాగడమే చట్టవిరుద్ధమని సలహాపూర్వక అభిప్రాయం వెలువరించింది. నేల మీద మాత్రం గేట్ల సంఖ్య ఆ తరువాత కూడా పెరిగింది.

మఖ్సోమ్ వాచ్ సభ్యులు నివేదికలు రాయడం ఆపలేదు. వయసు మీద పడి సంఖ్య తగ్గినా, జోర్డాన్ లోయలో సెటిలర్ల దాడులకు గురవుతున్న పశుకాపరుల దగ్గరికి కూడా వెళ్లి రాత్రింబవళ్లు తోడుంటున్నవారు వారిలో ఉన్నారు. ఆ నివేదికలు చదవాలనుకునే పాఠకులకు ఒక సలహా ఇస్తాను. ఏదో ఒక ఘోరం కోసం వెతుకుతూ చదవకండి. ఒకే చెక్‌పోస్టును ఎంచుకుని, దాని మీద వేర్వేరు సంవత్సరాల్లో వచ్చిన నివేదికలను వరుసగా చదవండి. గేటు తెరిచిన సమయం, పనిచేసిన కిటికీలు, దాటడానికి పట్టిన నిమిషాలు, వెనక్కి పంపిన మనుషులు అన్నవే గమనించండి. మీరు అడిగిన చాలా ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది, మిగిలినవి మళ్లీ రాయండి.